మూఢంలో ఆగిన మామిడితోట పేరు

నేను బతుకుతెరువుకి చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, పేర్లు పలికించడం. తిరువూరు బస్టాండు దగ్గర ఒక గదిలో కూర్చుని పేరు టైపు చేస్తే, సముద్రాల అవతల మనం ఎప్పుడూ చూడని గదిలో ఉన్న మిషను దానికి పలికేది. తన దగ్గరున్న బొమ్మలూ రాతలూ మన ముందుకి పంపేది. ఆ పేరు కొనిపెట్టడం, పేరు వెనక సైటు ఉండటానికి చోటు చూసిపెట్టడం, ఆ రెంటినీ ముడివెయ్యడం, ముడి ఊడకుండా ఏటా కనిపెట్టుకుని ఉండటం. డొమైను, హోస్టింగు అంటారు. ఇదే నా పని.

పోయినేడు కంటి ఆపరేషన్ అయ్యాక షాపు మూసేశాను. ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి, ఏం నేర్చుకోవాలి అంకుల్ అని అడుగుతున్నారు. కోర్సుల సంగతి నాకు తెలియదు. నేను నేర్చుకున్నవి చాలావరకు ఇప్పుడు మారిపోయాయి. మారనివి కొన్ని ఉన్నాయి, అవి చెప్పగలను. పైగా నాకు తెలిసింది ఎవరికైనా చెప్పేదాకా అన్నం సహించదు.

మాది దూదేకులవాళ్ళ కుటుంబం. నాన్న పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. రిజల్ట్ వచ్చిన రోజు బజారంతా తిరిగి తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చెప్పాను. బస్టాండులో గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటో కదలబోతుంటే ఆపి మరీ డ్రైవరుకి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మంచిదే బాబూ, ఎక్కుతావా లేదా" అన్నాడు.

ఇంటర్నెట్ మొదటిసారి చూసింది విజయవాడలో. ఆ సాయంత్రమే బస్సెక్కి ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నాన్న విల్లుతో దూది ఏకుతూ విన్నాడు.

"అంత దూరంలో ఉన్న మిషనుకి మన పేరు ఎట్లా తెలుస్తుందిరా?"

"అడుగుతుంది నాన్నా. ఒకళ్ళని అడిగితే, నాకు తెలియదుగానీ ఫలానావాళ్ళకి తెలుసు అని చూపిస్తారు. వాళ్ళు ఇంకొకళ్ళని చూపిస్తారు. అట్లా అడుక్కుంటూ పోయి చేరుతుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"నువ్వు విల్లు ఒకసారి మీటేలోపు."

నాన్న విల్లు ఆపాడు. మీసాల మీద దూది తుడుచుకున్నాడు.

"అడిగినవాళ్ళు ఎవరూ విసుక్కోరా?"

"విసుక్కోరు."

"అయితే వాళ్ళు మనుషులు కాదులే" అని మళ్ళీ ఏకడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, పేరు వెతుక్కుంటూ పోయే ఆ ప్రయాణం గురించి నాన్న అడిగిన ప్రశ్న కంటే మంచి ప్రశ్న నాకు కనపడలేదు.

బోర్డు వేరు, ఇల్లు వేరు

నాకు పని నేర్పింది మూర్తి గారు. విజయవాడలో మేడమీద రెండు గదుల్లో ఆయన హోస్టింగ్ ఆఫీసు నడిపేవారు. మెట్లన్నీ చెప్పులతో నిండి ఉండేవి, లోపల ఏసీ గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"ఒరే మస్తానూ, గుమ్మం మీద బోర్డు వేరు, ఇల్లు వేరు. బోర్డు ఒకడి దగ్గర కొంటావు. ఇల్లు ఇంకొకడి దగ్గర అద్దెకి తీసుకుంటావు. ఈ బోర్డు ఆ ఇంటిదీ అని రాసిపెట్టడం నీ పని. ఇల్లు పోయిందనుకో, ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. బోర్డు పోతే నువ్వెవరో ఎవరికీ తెలియదు."

ఇప్పటికీ కొత్తపిల్లలు తడబడేది ఇక్కడే. సైటు కనపడటం లేదంటే కంగారుపడి ఇల్లంతా పీకి మళ్ళీ కడతారు. తీరా చూస్తే ఇల్లు బాగానే ఉంటుంది, బోర్డు ఊడి ఉంటుంది. సైటు ఆగితే మొదట అడగాల్సింది ఒకటే. పేరు పోయిందా, చోటు పోయిందా?

మూర్తి గారు పనిమంతుడు. ఆయన చేత్తో ముడివేసిన పేరు ఊడటం నేను చూడలేదు. కానీ ఆయనకి ఒక అలవాటుండేది. ఎవరు పేరు కొనమన్నా తన పేరు మీదే కొనేవారు. అప్పట్లో చాలామంది అదే చేసేవాళ్ళు. కొనుక్కున్నవాళ్ళకి ఆ సంగతి తెలిసేది కాదు, మూర్తి గారితో మాట తేడా వచ్చేదాకా.

ఒకరోజు ఒక బట్టలషాపు ఆయన మెట్లెక్కి వచ్చాడు. సైటుని ఇంకో ఆఫీసుకి మార్చుకుంటానన్నాడు. మార్చుకోండి, పేరు మాత్రం నాది అన్నారు మూర్తి గారు. ఆ పెద్దాయన చెప్పులు విప్పలేదు, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మా తాత పెట్టిన షాపయ్యా అది. మా షాపు పేరు మాకివ్వమని నీకు దణ్ణం పెట్టాలా?"

మూర్తి గారు స్క్రీను వైపు తిరిగి ఏదో టైపు చేసుకుంటూ కూర్చున్నారు. ఆ పెద్దాయన దణ్ణం పెట్టే వెళ్ళాడు. పేరు వచ్చిందో లేదో నాకు తెలియదు. కొన్నాళ్ళకి నేను సొంతంగా చూసుకుందామని తిరువూరు వచ్చేశాను. వచ్చేటప్పుడు ఒకటే అనుకున్నాను. ఎవరి పేరు వాళ్ళ పేరు మీదే ఉండాలి. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉండాలి. ఇది మంచి నియమమే. ఒకసారి మాత్రం ఇదే నా ప్రాణం మీదికి తెచ్చింది. ఆ కథ ముందుంది.

ఒక ఆటో, బోలెడు జనం

తిరువూరులో అప్పటికి ఫోను తీగ మీదుగానే ఇంటర్నెట్ వచ్చేది. మోడెం కీచుమని, గరగరమని, చివరికి ఊపిరి పీల్చుకున్నట్టు ఆగేది. ఆగిందంటే ప్రపంచం తగిలినట్టు. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది. అలవాటైపోతుంది అనేవాళ్ళు. నాకు కాలేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు చిన్నవాళ్ళు. గుడి, గంపలగూడెంలో ఒక స్కూలు, ఎ.కొండూరు విత్తనాల షాపు, రెడ్డిగూడెం మామిడితోట. ఒక్కొక్కరికి ఒక్కో మిషను ఎవరు పెట్టగలరు? అందరికీ కలిపి ఒకే మిషనులో చోటు తీసుకున్నాను. అంటే గుడీ, బడీ, విత్తనాలూ, మామిడికాయలూ అన్నీ ఒకే చిరునామాలో ఉండేవి. అయినా ఎవరూ దారి తప్పేవారు కాదు. వచ్చినవాడు ఏ పేరుతో తలుపు కొట్టాడో విని, ఆ మిషను ఆ గది చూపించేది. గుడి పేరుతో వచ్చినవాడికి ఒక్కసారి కూడా విత్తనాలు చూపించలేదు. దీన్ని నేను ఎంతమందికి చెప్పానో. టీ కొట్టాయన నన్ను చూడగానే, "ఇవాళ కొత్తగా ఏం కనిపెట్టావు డిగ్రీ బాబూ" అనేవాడు.

ఇబ్బంది కూడా షేర్ ఆటోలో ఉన్నట్టే ఉండేది. ఒకరు మూటలతో ఎక్కితే అందరూ నలగాల్సిందే. పరీక్షల ఫలితాలు స్కూలు సైటులో పెట్టిన రోజు మిగతా సైట్లన్నీ మూలిగాయి. గుడి పూజారి సత్యనారాయణ శాస్త్రి గారు కండువా దులుపుకుంటూ షాపుకొచ్చారు. గుడి సైటు మొత్తం ఆయనే చూసుకునేవారు, పూజ వేళలు స్వయంగా రాసి తెచ్చి ఇచ్చేవారు.

"ఏం నాయనా, మా స్వామి ఇవాళ నత్తనడక నడుస్తున్నాడు?"

"గంపలగూడెం పిల్లలు పాసయ్యారో లేదో చూసుకుంటున్నారు పంతులు గారూ. అందరూ ఒకే ఆటోలో ఉన్నారుగా."

ఆయన కండువా భుజాన సర్దుకున్నారు. "అయితే ముందు వాళ్ళని దిగనీ. మా స్వామికి తొందరేముంది" అని వెళ్ళిపోయారు.

పనిలోకి వచ్చే పిల్లలకి చెబుతున్నాను. ఇట్లాంటి కస్టమరు దొరికితే వదులుకోకండి.

రాఘవమ్మ గారు

రెడ్డిగూడెం రాఘవమ్మ గారిది ఇంకో తరహా. మామిడితోట లెక్క మొత్తం ఆవిడదే. ఆవిడ భర్త నెమ్మదస్తుడు, ఆవిడ మాట్లాడుతుంటే చెట్ల వైపు చూస్తూ ఉండేవాడు. పదోతరగతిలో ఆగిపోయానని చెప్పేది. కానీ బేరం ఆడుతుంటే లాయర్లు పనికిరారు.

కమీషన్ వ్యాపారులు తోట మీదికి వచ్చి, కాయని అటూ ఇటూ తిప్పి, మచ్చ ఉందని ధర తగ్గించడం చూసి చూసి ఆవిడకి విసుగొచ్చింది. చుట్టుపక్కల రైతుల్ని కొందరిని కూడగట్టి, మనమే నేరుగా అమ్ముదాం అంది. ఎవరికి అంటే జవాబు లేదు. నా షాపుకి వచ్చి, "నువ్వేదో పేర్లు పలికిస్తావంట. నా తోట పేరు పలికించు, చూద్దాం" అంది. పలికించాను. తోట ఫోటోలు పెట్టాం. ఎవరూ చూడని ఒక ఏడాది గడిచింది. తర్వాత మస్కట్‌లో పళ్ళ వ్యాపారి ఒకాయన మెయిలు రాశాడు. కాయని తొడిమతో సహా కొయ్యగలరా, తొడిమ దగ్గర కారే జీడి కాయకి అంటకుండా పంపగలరా అని అడిగాడు.

ఆవిడ ఆ మెయిలు నా చేత ఎన్నిసార్లు చదివించుకుందో చెప్పలేను.

"ఇది నాకే రాశాడా? వేరేవాళ్ళకి రాసింది దారి తప్పి రాలేదుగా?"

"మీ తోట పేరు మీద ఉన్న మెయిలమ్మా. ఇంకెవరికీ రాదు."

"ఎక్కడి మస్కట్టు, ఎక్కడి రెడ్డిగూడెం" అని ఆవిడ స్క్రీనుని వేలితో తాకి చూసింది.

ఫోనులో మాట్లాడితే ఆయన ఇంగ్లీషు ఆవిడకి అందదు, ఆవిడ తెలుగు ఆయనకి అందదు. అందుకని అన్నీ మెయిల్లోనే. ఆవిడ తెలుగులో చెప్పేది, నేను ఇంగ్లీషులో కొట్టేవాణ్ణి. ఒక సీజను కాయలు పంపారు, ఆయనకి నచ్చాయి. రెండో సీజనుకి ఎక్కువ కావాలన్నాడు. ఓడలో చోటు ఖాయం కాగానే మెయిలు పెడతాను, అప్పుడు కోత మొదలుపెట్టండి అన్నాడు. ఆ మాట మీద చుట్టుపక్కల రైతులంతా కమీషన్ వ్యాపారులకి కాయ ఇవ్వకుండా చెట్ల మీదే ఉంచారు.

సరిగ్గా అప్పుడే ఏటా డబ్బు కట్టి తోట పేరు రెన్యూ చెయ్యాల్సిన గడువు వచ్చింది. సరిగ్గా అప్పుడే మూఢం వచ్చింది.

మూఢం

మూఢం అంటే గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరగా పోయి మనకి కనపడకుండా ఉండే రోజులు. పెళ్ళిళ్ళు చెయ్యరు, గృహప్రవేశాలు చెయ్యరు, కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. సాయిబుల ఇంటివాడికి ఇది ఎట్లా తెలుసు అనుకోవద్దు. మాకే బాగా తెలుసు. పెళ్ళిళ్ళు ఆగితే పరుపులు ఆగుతాయి. ఏటా పంచాంగం రాగానే మా నాన్న గుడికి వెళ్ళి, మూఢాలు ఎప్పుడున్నాయండీ అని శాస్త్రి గారిని అడిగి వచ్చేవాడు.

రాఘవమ్మ గారికి ముందే గుర్తుచేశాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"మూఢం వెళ్ళాక చూద్దాంలే."

"ఇది కొత్త పని కాదమ్మా. ఉన్నదే మళ్ళీ."

"కొత్త తేదీ పడుతుందా లేదా?"

"పడుతుంది."

"కొత్త తేదీ పడితే కొత్త పనే. నేను వద్దన్నా వినకుండా మా ఆయన మూఢంలో బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు. ఆ గొట్టం ఇప్పటికీ తోట మధ్యలో నోరు తెరుచుకునే ఉంది, చూస్తావా?"

"పోనీ నేను కట్టేస్తాను."

"నీ చేత్తో కట్టినా పేరు నాదేగా. నాకు తెలియకుండా చేశావో, నీ షాపు గడప తొక్కను."

చేద్దామన్నా చేతకాదు. పాస్‌వర్డు ఆవిడ దగ్గరే ఉంది. నేను పెట్టుకున్న నియమం అది.

గడువు దాటిన మర్నాడు తోట పేరు కొట్టి చూశాను. మామిడికాయల బదులు ఎవరివో విమానం టికెట్ల ప్రకటనలు వచ్చాయి. ఇల్లు అక్కడే ఉంది, ఫోటోలు అన్నీ ఉన్నాయి. బోర్డు దింపేశారు. బోర్డు లేకపోతే మెయిలు కూడా రాదు. మస్కట్ ఆయన మెయిలు పెట్టినా ఇక్కడికి చేరదు. అది చేరకపోతే కోత లేదు. కాయ పండి రాలేలోపు ఆ రైతులంతా మళ్ళీ కమీషన్ వ్యాపారుల దగ్గరికే వెళ్ళాలి, ఈసారి తలవంచుకుని.

ఆవిడకి చూపించాను. మొహం పాలిపోయింది. అయినా, "చూద్దాం" అంది. అప్పటికే వ్యాపారుల మనుషులు తోటల్లో తిరుగుతున్నారు. "మీ రాఘవమ్మ కంప్యూటరు పడుకుందంట కదా" అని నవ్వుతున్నారు. ఆ మాట ఆవిడ దాకా వచ్చింది. వచ్చాక ఇంకా బిగుసుకుపోయింది.

మూర్తి గారికి ఫోను చేశాను.

"చూశావా, నా పద్ధతిలో నీ పేరు మీద ఉంటే నోరు మూసుకుని కట్టేసేవాడివి. ఆదర్శాలకి పోయావు, అనుభవించు."

"పేరు వెంటనే పోతుందా సార్?"

"వెంటనే పోదురా. కొన్నాళ్ళు పక్కన పెట్టి ఉంచుతారు. సొంతదారు వచ్చి అడిగితే ఇచ్చేస్తారు, ఇంకెవరడిగినా ఇవ్వరు. అది కూడా దాటితే మాత్రం ఎవడైనా పట్టుకుపోవచ్చు. ఆవిణ్ణి తొందరగా ఒప్పించు." ఒక్క క్షణం ఆగి, "నువ్వు చేసింది తప్పని అనట్లేదులే" అని పెట్టేశారు.

మూర్తి గారి నోటి నుంచి నేను విన్న పెద్ద మెప్పు అదే.

వత్తి

ఫోను పెట్టాక నాకు ఒకటి తట్టింది. అంతకుముందు వారమే శాస్త్రి గారు వచ్చి గుడి పేరు రెన్యూ చేయించుకుని వెళ్ళారు. మూఢంలోనే. ఊళ్ళో అందరికీ మూఢాలు చెప్పే మనిషి.

గుడికి వెళ్ళి అడిగాను. ఆయన నవ్వి, "బండి తెచ్చావా?" అన్నారు.

ఎండలో ఎ.కొండూరు మీదుగా వెళ్ళాం. ఆయన పంచె ఎగ్గట్టి, నా భుజం గట్టిగా పట్టుకుని వెనక కూర్చున్నారు. తోటలో వరిగడ్డి మోపులు, ఖాళీ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. కాయ మాత్రం చెట్ల మీదే ఉంది. రాఘవమ్మ గారు మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"పంతులు గారూ, మస్తాను బండి మీద వచ్చారా? ఎండ తలకెక్కిందా ఏంటి ఇద్దరికీ?"

"ఎండ కాదమ్మా, నీ మొండితనం. ఇతను గుళ్ళోకొచ్చి కూర్చుని లేవట్లేదు. మా స్వామి పక్కన ఇంకో విగ్రహం అనుకుంటారని తీసుకొచ్చేశాను."

ఆవిడ నవ్వలేదు. మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తాగి చెంబు కింద పెట్టారు.

"నిత్యదీపంలో నూనె పొయ్యడానికి నేను మంచిరోజు చూస్తానా?"

"చూడరు. అది రోజూ చేసేదేగా."

"ఇదీ అంతేనమ్మా. ఉన్న దీపంలో నూనె. గుడి పేరుకి నేను ఈ మూఢంలోనే పోసుకున్నాను."

ఆవిడ చెట్ల వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది.

"ఆ మాట దీపం వెలుగుతున్నప్పుడు చెప్పాల్సింది పంతులు గారూ. ఇప్పుడు ఆరిపోయింది. మస్తానే చూపించాడు, నా పేరు కొడితే ఎవడివో ప్రకటనలు. ఆరిపోయాక మళ్ళీ వెలిగిస్తే అది కొత్త దీపం కాదా?"

ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. శాస్త్రి గారు ఆవిడకి జవాబు చెప్పకుండా నా వైపు తిరిగారు.

"నాయనా, ఆరిపోయిందా?"

"సైటు ఆగింది పంతులు గారూ. మెయిలు ఆగింది. పేరు మాత్రం ఇంకా అమ్మగారిదే. ఇప్పుడు ఇంకెవరు వెళ్ళి అడిగినా ఇవ్వరు. ఈవిడ వస్తుందేమోనని పక్కన పెట్టి ఉంచారు."

"ఎవరు ఉంచారు?"

"ఎవరో తెలియదు. ఈ పేర్ల పద్ధతి రాసినవాళ్ళు."

"ఎందుకట?"

అప్పటిదాకా నేను దాని గురించి అట్లా ఆలోచించలేదు. "మనుషులు మర్చిపోతారని. ఊళ్ళో లేకపోతారని. ఏదో ఒక అడ్డం వస్తుందని."

శాస్త్రి గారు తల ఊపారు. "ఎవరో గానీ పెద్దమనసువాళ్ళు" అన్నారు. తర్వాత ఆవిడతో, "విన్నావుగా. నిప్పు పోలేదమ్మా, వత్తి నూనెలోకి జారింది. వేలితో పైకి ఎగదొయ్యడమే. దానికి ముహూర్తం ఏ పంచాంగంలోనూ లేదు" అన్నారు.

ఆవిడ ఇంకా చెట్ల వైపే చూస్తోంది. ఆయన గొంతు తగ్గించి చెప్పారు.

"అసలు మూఢం అంటే ఏంటమ్మా? శుక్రుడు ఎక్కడికీ పోడు. సూర్యుడి పక్కనున్నాడు కాబట్టి మనకి కనపడడు. కనపడనంత మాత్రాన లేడనుకుని లెక్క ఆపుతామా? ఆయన మళ్ళీ ఎప్పుడు కనపడతాడో ముందే రాసి పెట్టుకుంటాం. నీ పేరూ అట్లాగే ఉంది."

రాఘవమ్మ గారు చీర కొంగు నడుముకి దోపింది. "ట్రాలీ ఆటో తియ్యమనండి" అని భర్తకి వినపడేలా అంది. ఆయన చెట్ల వైపు చూడటం మానేసి పరిగెత్తాడు.

తలుపు దగ్గర

కాయలు మోసే ఆటోలో ముందు సీటు మీద కూర్చుని ఆవిడ తిరువూరు వచ్చింది. నా షాపులో కుర్చీ లాక్కుని, కీబోర్డు మీద చెయ్యి పెట్టి, "మీరిద్దరూ అటు తిరగండి" అంది. పాస్‌వర్డు ఆవిడ మొదటి గేదె పేరని ఒకసారి నోరు జారింది. ఆ గేదె పేరేంటో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. నేనూ శాస్త్రి గారూ గోడ వైపు తిరిగి క్యాలెండరు చూస్తూ నిలబడ్డాం. ఒక్కో అక్షరం వెతికి కొడుతున్న చప్పుడు వినపడింది. ఆవిడ పిలిచాక ఇటు తిరిగి, డబ్బు కట్టి రెన్యూ మీద నొక్కాను.

"అయిందా?"

"అయిందమ్మా. కొత్త తేదీ పడింది."

తోట పేరు కొట్టాను. మళ్ళీ విమానం టికెట్లే వచ్చాయి. ఆవిడ నా వైపు చూసింది, శాస్త్రి గారు నా వైపు చూశారు.

ఈ సంగతి కొత్తగా వచ్చేవాళ్ళందరికీ చెప్పాలి. పేరు మారిన కబురు ప్రపంచం మొత్తానికి ఒకేసారి అందదు. ఒక ఊళ్ళో ముందు తెలుస్తుంది, ఇంకో ఊళ్ళో తర్వాత తెలుస్తుంది. పాత కబురు గుర్తుపెట్టుకున్నవాళ్ళు కొంతసేపు అదే చెబుతారు. మన స్క్రీనులో రాలేదంటే ఎక్కడా రాలేదని కాదు. అదే చెప్పాను.

"అంటే మస్కట్టులో పలుకుతూ, రెడ్డిగూడెంలో పలక్కుండా ఉండొచ్చన్నమాట" అంది ఆవిడ.

"ఉండొచ్చమ్మా."

"చోద్యం కాకపోతే ఏంటిది."

ఊరికే కూర్చోలేక, బోర్డుతో పనిలేకుండా వెనక దారిన, మిషను సొంత చిరునామాతో వెళ్ళి ఆవిడ మెయిలు పెట్టె తెరిచాను. ఖాళీగా ఉంది. మూసి, మళ్ళీ తెరిచాను. శాస్త్రి గారు టీ తెప్పించారు. మళ్ళీ తెరిచాను.

ఒక మెయిలు ఉంది. మస్కట్ ఆయనది. తేదీ చూస్తే ఇవాళ్టిది కాదు, తోట పేరు ఆగిపోయి ఉన్న రోజుల్లో రాసింది. ఓడలో చోటు ఖాయమైంది, కోత మొదలుపెట్టండి అని రాశాడు. నేను చదువుతుండగానే కింద ఇంకొకటి, నిన్న రాసింది, వచ్చి కూర్చుంది. మీ జవాబు రాలేదు, ఇంకో రెండు రోజులు చూస్తాను, ఆ తర్వాత వేరే తోట చూసుకోవాల్సి వస్తుంది అని.

"ఇన్ని రోజులూ ఎక్కడున్నాయి ఇవి?" అంది రాఘవమ్మ గారు.

"అక్కడే ఉన్నాయమ్మా. ఆయన పంపగానే ఆయన ఊరి మిషను మీ తలుపు కొట్టింది. ఎవరూ తియ్యలేదు. అయినా తిరిగిపోలేదు. కాసేపాగి మళ్ళీ కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొడుతూనే ఉంది. కొన్నాళ్ళు అట్లా కొట్టి చూశాకే ఆశ వదులుకుంటుంది."

"విసుక్కోకుండానా?"

నాన్న విల్లు ఆపి అడిగిన ప్రశ్న అది. ఆవిడకి ఆ సంగతి తెలియదు.

"విసుక్కోకుండానేనమ్మా."

ఆవిడ స్క్రీను వైపే చూస్తూ ఉంది. "నేను మూఢం అని కూర్చుంటే, అది నా కోసం కూర్చుందన్నమాట" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెంటనే గొంతు మార్చింది. "కూర్చున్నది చాలు, రాయి. కాయ సిద్ధం. రేపు పొద్దున్నే కోత. తొడిమతోనే కోస్తాం, ఒక్కదానికి జీడి అంటినా డబ్బులు వద్దు."

"ఇన్ని రోజులు జవాబు ఎందుకివ్వలేదని ఏం రాయమంటారు?"

"మూఢాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

శాస్త్రి గారి వైపు చూశాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నారు.

"తెలియదమ్మా."

"అయితే కరెంటు లేదని రాయి."

అదే రాశాను. మర్నాడు కోత మొదలైంది. మా షాపు స్క్రీనులో మామిడికాయలు కనపడేసరికి రెడ్డిగూడెంలో పెట్టెలు సగం నిండాయి.

నేను షాపు మూసేటప్పుడు ఎవరి పేరు వాళ్ళకి అప్పజెప్పడానికి పెద్ద పనేమీ లేకపోయింది. అన్నీ మొదటినుంచీ వాళ్ళ పేరు మీదే ఉన్నాయి. తాళాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఎవరూ నాకు దణ్ణం పెట్టాల్సిన అవసరం రాలేదు. రాఘవమ్మ గారి తోట ఇప్పుడు ఆవిడ కోడలు చూసుకుంటోంది. మూఢం ఉన్నా లేకపోయినా గడువుకి ముందే నూనె పోస్తారు. ఆ మాట వాళ్ళింట్లో అట్లాగే నిలిచిపోయింది.

కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు మళ్ళీ స్పష్టంగా కనపడుతున్నాయి. ఇవాళ పొద్దున టీ తాగుతూ, పనేమీ లేకపోయినా, ఆ తోట పేరు ఒకసారి కొట్టి చూశాను. ఎవరెవరిని అడిగిందో, ఎన్ని చోట్లకి వెళ్ళి వచ్చిందో, గుటక మింగేలోపు పలికింది.